మంచి నొప్పి

దుప్పటిని ఒక్కరే పిండడం కష్టం. ఒక కొసను కుళాయికి ముడివేసి, రెండో కొస పట్టుకుని మెలితిప్పుతూ వెనక్కి నడవాలి. ఎంత జాగ్రత్తగా తిప్పినా నీళ్లు మోచేతుల మీదుగా కారి నడుం దాకా తడిపేస్తాయి. ఆ ఆదివారం పొద్దున వెనక వరండాలో నేను ఆ పనిలో ఉండగా ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"మా ఇంట్లో వాషింగ్ మెషీన్ లేదండీ. మేం చేత్తోనే ఉతుక్కుంటాం. మొదట్లో కష్టంగానే ఉంటుంది. అలవాటయ్యాక అదొక ధ్యానం."

"నిజంగా గొప్ప సంగతండీ" అంది ఎవరో ఆవిడ.

నా చేతిలో కొస జారిపోయింది. అప్పటిదాకా తిప్పిన మెలికలన్నీ గిరగిరా విప్పుకుని దుప్పటి నేలమీద కుప్పగా పడింది. దాన్ని ఎత్తకుండా కాసేపు అలాగే నిలబడి ఆ "మేం" గురించి ఆలోచించాను. ఎదుటివాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం అని చిన్నప్పుడు బళ్లో టీచరు చెప్పింది. పెళ్లయిన పదకొండేళ్లకు నాకు మూడోరకం ఒకటుందని తెలిసింది. చెప్పేవాడు కూడా అందులో లేని "మేం". ఉతుక్కుంటాం అన్నదాంట్లో ఆయన చెయ్యి లేదు, ఎనిమిదేళ్ల మా పాప చెయ్యి లేదు. ఉన్నది నేనొక్కదాన్నే, బహువచనంలో.

వచ్చినవాళ్లు మా ఆయన ఏడాదిన్నరగా తిరుగుతున్న సహజ జీవన బృందం మనుషులు. నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తారు. ఈసారి మా ఇల్లు. మా అత్తయ్య చేత పాతరోజుల సంగతులు చెప్పించాలని ముందురోజే ఆవిడను మా ఆడపడుచు ఇంటినుంచి తీసుకొచ్చాడు ఆయన.

అసలీ మందుల్లేని తిండి, తక్కువతో బతకడం అనేవాటిని మా ఇంట్లోకి తెచ్చింది నేనే. ఆ మాట ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. రెండేళ్ల కిందట పాపకు ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. గోకి గోకి మోచేతులు పుళ్లయ్యేవి. డాక్టరు పూతమందు రాసిచ్చి, తిండి కూడా కాస్త చూసుకోమన్నాడు. నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్ వెనక సందులో శనివారాలు ఒక జంట చిన్న ట్రక్కులో కూరగాయలు తెచ్చి అమ్మేవారు. మందు కొట్టకుండా తామే పండించినవట. ఒక్క క్యారెట్టూ తిన్నగా ఉండదు. ఆకుకూర నిండా చిల్లులు. "మాకంటే ముందు పురుగు రుచి చూసిందండీ, బాగుందంది" అని నవ్వేది ఆ రైతు భార్య. ధర మాత్రం బజారులో ధరకు రెట్టింపు. పొద్దున్నే ఆటో ఎక్కడం మానేసి బస్సులో నిలబడి వెళ్లి, మిగిలినదాంతో కొన్నాను. మొదటివారం కొన్న టొమాటోల్లో ఒకదాన్ని వంటింట్లో నిలబడి, ఉప్పు కూడా అద్దుకోకుండా పండులా కొరుక్కు తిన్నాను. రసం మణికట్టు దాకా కారింది. టొమాటోకు వాసన ఉంటుందని అప్పటికి నేను మరిచిపోయి ఎన్నేళ్లయిందో.

పాపకు దద్దుర్లు తగ్గాయి. కూరగాయల వల్లో, పూతమందు వల్లో, ఎండాకాలం పోవడం వల్లో నాకు తెలియదు. రోజూ రిపోర్టులు చూసేదాన్ని, తెలియనిదాన్ని తెలుసనుకోవడం నాకు చేతకాదు. కానీ ఆ రుచి నిజం. మేడమీద నాలుగు కుండీలు పెట్టుకుని, సాయంత్రాలు పాపా నేనూ వాటికి నీళ్లు పోస్తూ మాట్లాడుకున్న మాటలు నిజం. అది నా చిన్న సరదా. ఎవరికీ చెప్పుకోవాల్సినంత గొప్పది కాదు కాబట్టే అంత బాగుండేది.

అప్పట్లో మా ఆయన, "పుచ్చు కూరలకు రెట్టింపు డబ్బులా? నీకు ఎవరు ఏ టోపీ పెట్టినా సరిగ్గా సరిపోతుంది" అనేవాడు. ఆయన బీమా కంపెనీ ఆఫీసులో పనిచేస్తాడు. ఆర్నెల్లు తిరిగాక వాళ్ల ఆఫీసులో ఉద్యోగుల ఆరోగ్యం గురించి ఎవరో వచ్చి ఉపన్యాసం ఇచ్చారు. ఆ సాయంత్రం ఆయన బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకొచ్చి, "మనం తింటున్నదంతా విషం. నీకు తెలుసా?" అన్నాడు. నేను చేతిలో ఉన్న వంకర క్యారెట్టును ఒకసారి చూసి, ఆయన్ను ఒకసారి చూశాను. ఆయనకు అది కనబడలేదు.

ఆ రోజు నుంచి నా సరదా ఆయన సిద్ధాంతమైంది. మొదట ప్లాస్టిక్ డబ్బాలు పోయాయి. ఆ తర్వాత మైక్రోవేవ్ పోయింది. మిక్సీని అటకెక్కించి, వంటింటి గట్టుకు బిగించుకుని చేత్తో తిప్పే పిండిమర తెచ్చాడు. దుకాణంలో రొట్టె కొనకూడదన్నాడు. ఫొటో తీసి బృందానికి పంపేటప్పుడు "ఈ రోజు మా చేతి రొట్టె" అని రాసేవాడు. వాషింగ్ మెషీన్ మా ఆడపడుచు ఇంటికి వెళ్లింది. వాళ్లది పాడైందట, మనకెలాగూ వద్దు కదా అన్నాడు. ఆవిడ వ్యాను తీసుకొచ్చి, "నీకు కష్టం కాదూ వదినా?" అని ఎంతో ప్రేమగా అడిగి, నేను నోరు తెరిచేలోపే, "ఈ పైపు ఎక్కడ తగిలిస్తారు?" అని కూడా అడిగింది. ఇల్లు విశాలంగా అయింది, వచ్చినవాళ్లందరూ ఎంత హాయిగా ఉందో అనేవారు. ఒక్కో వస్తువూ వెళ్లిపోతూ తను చేసే పనిని మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్లిందని, ఆ పనికి దారి ఎవరూ చెప్పకుండానే నా దగ్గరికి రావడం తెలుసని వాళ్లకెవరూ చెప్పలేదు.

చివరికి పనామె కూడా వెళ్లింది. సరుకులన్నీ సహజమైనవే కావాలంటే ఖర్చు పెరిగింది, ఎక్కడో ఒకచోట తగ్గాలి. "మన పని మనం చేసుకోవడమే అసలైన సరళత" అన్నాడు ఆయన. ఆ మాట పనామెకు చెప్పే పని నాకొచ్చింది. పాప కడుపులో ఉన్నప్పటినుంచీ చేస్తోంది. చీపురు మూలన పెట్టి చేతులు తుడుచుకుంటూ, "నేనేం తప్పు చేశానమ్మా?" అంది.

"తప్పేం లేదు. మేం..." అని ఆగిపోయాను. ఆ వాక్యం ఎలా పూర్తిచేయాలో తెలియలేదు. అది పూర్తయ్యేదాకా ఆవిడ ఆగలేదు. పాప పుట్టినప్పుడు నేనిచ్చిన గొడుగు తలుపు వెనకాల ఉంటే తీసుకుని వెళ్లిపోయింది.

ఎందుకు ఊరుకున్నావని అడగొచ్చు. నన్ను నేనే చాలాసార్లు అడుక్కున్నాను. ఊరుకోలేదు, అప్పుడప్పుడూ అన్నాను. అన్నప్పుడల్లా, "నువ్వే కదా మొదలుపెట్టింది?" అనేవాడు, కళ్లు పెద్దవి చేసి, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆ ప్రశ్న ముందు నా మాటలన్నీ తేలిపోయేవి. మంచిని ఎవరైనా ఎలా కాదంటారు? మెషీన్ కావాలంటే నదిలో నురుగు కావాలన్నట్టు. కొన్న రొట్టె తేవాలంటే పాపకు విషం పెట్టాలన్నట్టు. మా వాదన ఎప్పుడూ భూమికీ నాకూ మధ్య జరిగేది, ఆయన భూమి తరఫున మాట్లాడేవాడు. ఒకసారి, "మీ ల్యాబ్‌లో రోజూ బకెట్ల కొద్దీ ప్లాస్టిక్ పారేస్తారు కదా, నీకేమీ అనిపించదా?" అన్నాడు. "వాడిన సూదిని కడిగి ఇంకొకరికి గుచ్చమంటారా?" అన్నాను. నవ్వేసి ఊరుకున్నాడు. చెడ్డవాడైతే ఎంత బాగుండేదో అనిపించేది. తాగడు, చెయ్యెత్తడు, పాపకు కథలు చెబుతాడు. పుస్తకాలు చదివి చదివి నమ్మినదాన్ని మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ నమ్మకానికి కావలసిన చేతులు మాత్రం పక్కనే దొరికాయి, అవి ఎవరివని చూసుకోలేదు.

మూడు నెలల కిందట కుడి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. మర తిప్పేటప్పుడు సన్నగా, బట్టలు పిండేటప్పుడు మెరుపులా. చెబితే ఆయన చేతిని తీసుకుని అటూ ఇటూ చూశాడు. "ఇది మంచి నొప్పి. యంత్రాలకు అలవాటుపడి మొద్దుబారిన కండరాలు మేల్కొంటున్నాయి. మా అమ్మ జీవితమంతా ఇలాగే చేసింది, ఆవిడకెప్పుడైనా నొప్పి వచ్చిందా?" అన్నాడు. మర్నాడు కల్తీ లేని నూనె ఒక సీసా తెచ్చి గట్టుమీద పెట్టాడు. "రాసుకో" అన్నాడు. కుడిచేతికి ఎడంచేత్తో రాసుకున్నాను.

ఆ నొప్పిని నేను ల్యాబ్‌లో దాచుకుంటూ వచ్చాను. అక్కడ నా చేతికి ఒక పేరుంది. ఒకసారి ఒక పిల్లాడు రక్తం ఇచ్చి, దూది పెట్టుకున్న చోటును చూసుకుంటూ, "అంతేనా? దోమ కుట్టినట్టుంది" అన్నాడు. అప్పటినుంచి నేను దోమ మేడంను. పెద్దవాళ్లు కూడా కౌంటర్ దగ్గరికొచ్చి, "దోమ మేడం ఉన్నారా? ఆవిడైతేనే ఇస్తాం" అంటారు. చర్మం కింద నరం కనబడదు, వేలితో వెతకాలి. పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు కొంచెం కింద నుంచి పైకి తోస్తుంది. అది దొరికిన క్షణంలో నాకొక నిశ్శబ్దం దొరుకుతుంది. నాకు జీవితంలో పొగరంటూ ఉంటే అక్కడే ఉంది.

పోయిన వారం ఒక పొద్దున, "తర్వాత ఎవరు?" అని తలెత్తితే కుర్చీలో మా పనామె కూర్చుని ఉంది.

ఇద్దరం ఒక్కసారే నవ్వాం. ఏదో హాస్టల్ వంటింట్లో పని దొరికిందట. చేరాలంటే రక్తపరీక్ష కావాలన్నారట. "మీరుంటారని తెలిసే ఇక్కడికొచ్చానమ్మా. నాకు సూదంటే చచ్చేంత భయం" అంది. చెయ్యి చాచి, మొహం గోడవైపు తిప్పుకుంది.

పట్టీ కట్టాను. నరం వేలికి తెలిసింది. సూది పెట్టాను. సరిగ్గా అప్పుడు బొటనవేలు మొదట్లో కలుక్కుమంది. కొస పక్కకు జరిగింది. ట్యూబులోకి ఏమీ రాలేదు. తీసేసి, క్షమించమని రెండో చేతికి పెట్టాను. ఈసారి చెయ్యి ముందే భయపడింది. మళ్లీ తప్పింది. ఆవిడ పెదవి కొరుక్కుని ఓర్చుకుంది. చర్మం కింద నీలం మరక లేవడం నేను చూస్తూనే ఉన్నాను.

"మీ చెయ్యి వణుకుతోందేంటమ్మా?" అంది. నేను గ్లవ్స్ తీసేసి వేళ్లు నొక్కుకుంటుంటే ఆ చేతిని తన ఒళ్లోకి లాక్కుని చూసింది. గోళ్ల పక్కన పగుళ్లు, సబ్బునీళ్లకు పొరలు లేచిన అరచెయ్యి, మర పిడి దగ్గర కాసిన కాయ. చాలాసేపు చూసింది.

"నా పని మానిపిస్తే, ఇంక మీ ఇంట్లో ఆ పనే ఉండదేమో అనుకున్నా" అంది నెమ్మదిగా. "మీరే చేస్తున్నారా?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ రక్తం పక్క కుర్చీలో కొత్తమ్మాయి తీసింది. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "పర్లేదులెండి, దోమ కాదు, కందిరీగ కుట్టినట్టుంది" అంది. నేను నవ్వి, లోపలికెళ్లి ఫ్రీజర్ల గదిలో నిలబడి ఏడ్చాను.

మా ఇన్‌చార్జి మేడం అక్కడికొచ్చింది. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా చెయ్యి చూపించమంది. మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన బొటనవేలికి పట్టీ వేసి, పిండడం, మెలితిప్పడం, బరువులెత్తడం మానకపోతే ఆపరేషన్ చేయాల్సి రావచ్చన్నాడు. తిరిగొచ్చాక మేడం నన్ను కూర్చోబెట్టింది. బస్టాండు పక్కన కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. దానికి ఇన్‌చార్జి కావాలి.

"పైవాళ్లకు నీ పేరు చెప్పాను. రెండు నెలలు సాయంత్రాలు శిక్షణ ఉంటుంది. సూది పని తగ్గుతుంది, మనుషులకు నేర్పే పని పెరుగుతుంది. సోమవారానికి ఏ సంగతీ చెప్పు."

"సాయంత్రాలంటే ఇంట్లో..." అని నసిగాను.

"ఇంట్లో ఏంటి?"

రొట్టెకు పిండి కలపాలి, బట్టలు నానబెట్టాలి అని చెప్పబోయి సిగ్గేసి ఆగిపోయాను. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నీ చేతుల్ని నమ్మి ఊళ్లో సగంమంది ఇక్కడికొస్తారు. నువ్వే వాటిని లెక్కచేయకపోతే ఎలా?" అంది.

ఆ సంగతి ఇంట్లో చెప్పనేలేదు. చేతి పట్టీ చూసి ఆయన, "సూదులు పట్టుకుని పట్టుకుని వచ్చింది" అని తనే తేల్చేశాడు. ఆదివారం వస్తున్న పాతికమందికి ఏం పెట్టాలన్నదాంట్లో మునిగి ఉన్నాడు. ఆ పొద్దున నేను పిండింది, వాళ్లొస్తున్నారని ముందుగదిలో మార్చి తీసిన దుప్పటే. పట్టీ తడుస్తుందని తీసి కిటికీలో పెట్టి మరీ ఉతికాను.

ఆ రోజు అత్తయ్య చాలా బాగా మాట్లాడింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, బావినీళ్లు ఎంత తియ్యగా ఉండేవో, పొద్దున కోసిన కూర మధ్యాహ్నం కంచంలో ఎలా ఉండేదో చెప్పింది. "ఇన్ని జబ్బులు మాకు తెలీవు. పనే మాకు మందు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన కళ్లు చెమర్చాయి. ఒకాయన ఫోనులో వీడియో తీసుకున్నాడు. నేను తలుపు దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడి, ఇంక ఇంతే అనుకున్నాను. వాళ్లమ్మే సాక్ష్యం చెప్పేసింది.

అందరూ వెళ్లాక ఆవిడ వంటింట్లోకి వచ్చింది. నేను ఎంగిలి గ్లాసులు కడుగుతున్నాను. పక్కన నిలబడి ఒక్కోటీ తుడిచి బోర్లించసాగింది.

"అంతా నిజమేనా అత్తయ్యా?" అన్నాను. ఉండబట్టలేకపోయాను.

"నిజమే. నీళ్లూ నిజమే, కూరలూ నిజమే" అంది. ఇంకో గ్లాసు తుడిచింది. "మేం ఏడుగురం ఆడవాళ్లం ఉండేవాళ్లం ఆ ఇంట్లో. వాడు అది అడగలేదు, నేను చెప్పలేదు. ఏడుగురం చేసినా పొద్దు సరిపోయేది కాదు. మా తోటికోడలికి వేళ్లు వంకర్లు పోయి చివరికి ముద్ద కూడా కలుపుకోలేకపోయేది. ఇప్పుడు నువ్వొక్కదానివి చేస్తున్నావు. పైగా ఉద్యోగం."

"మరి అందరి ముందూ..."

"వాడు ఎంత ఆశగా చూశాడు నావైపు! కొడుకు మొహం చిన్నబుచ్చలేక చెప్పాను." గొంతు తగ్గించి, చిన్నపిల్ల తప్పు చెప్పుకున్నట్టు అంది. "అక్కడ మీ మెషీన్లో బట్టలు వేసేది నేనే. మూత వేసి, దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటాను. లోపల అలా తిరుగుతుంటే చూస్తూ ఉంటాను. నేను చేయకుండా నా పని జరగడం నా జన్మలో చూళ్లేదమ్మాయ్. టీవీ ఏం పనికొస్తుంది దానిముందు?"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. "వాడికి నేను చెప్పలేను. ఇన్నేళ్లూ వాడికి ఏమీ చెప్పకుండా పెంచింది నేనే. నువ్వు చెప్పుకో."

మధ్యాహ్నం నలుగురం భోజనానికి కూర్చున్నాం. ఆయన మంచి హుషారులో ఉన్నాడు. పాపకు కొసరి కొసరి వడ్డించాడు. నన్ను చూసి నవ్వి, "నేనొకటి ఆలోచించాను. నువ్వు కాదనవు" అన్నాడు.

"చెప్పండి."

"మన అవసరాలు ఎంత తగ్గాయో చూశావా? కరెంటు బిల్లు సగమైంది. బయట తినడం లేదు, కొత్తగా ఏదీ కొనడం లేదు. అసలిప్పుడు మనకు ఒక జీతం చాలు." నీళ్లు తాగి, ఇంకా మెత్తగా అన్నాడు. "పొద్దున లేస్తూనే ఆ బస్సుల్లో నువ్వు పడే అవస్థ చూడలేకపోతున్నాను. ఆ సూదులు వదిలేస్తే చెయ్యి కూడా దానంతటదే బాగవుతుంది. మేడమీద ఇంకో పాతిక కుండీలు పెట్టుకోవచ్చు. జనం దేనికోసం పరిగెడుతున్నారో వాళ్లకే తెలీదు. మనం ఆగి చూపిద్దాం."

మనం. ఈసారి మనం.

నాకు కోపం రాలేదు, అదే వింత. ఆయన నాకు బహుమతి ఇస్తున్నానని అనుకుంటున్నాడు. ఆ మొహంలో కపటం లేదు. నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. ఒక జీతం చాలన్నది నిజమేనా అని ఆలోచిస్తే నిజమే. ఈ రెండేళ్లలో నేను నేర్చుకున్నదీ అదే. ఎన్ని వస్తువులు లేకపోయినా నడుస్తుంది. బజారు మనల్ని ఊరికే భయపెడుతుంది. శనివారాల సంచీ నాకు ఇష్టం. పాపతో కుండీల దగ్గర నిలబడడం ఇష్టం. అవేవీ నేను వదులుకోను. కానీ తక్కువతో బతకడమంటే నాలోంచి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోవడం అని ఎవరు చెప్పారు? నా నిద్ర, నా సాయంత్రం, నా బొటనవేలు. ఇప్పుడు నరం వెతికే ఆ వేలికొసలో నాకు దొరికే నిశ్శబ్దం. ఇవన్నీ ఈ ఇంట్లో ఎక్కువైన సామాన్ల జాబితాలోకి ఎప్పుడు చేరాయి? ఆయన వదులుకున్నదేమిటని మొదటిసారి వెతికాను. శ్రద్ధగా, న్యాయంగా వెతికాను. కాఫీలో పంచదార దొరికింది.

తలెత్తాను. "మీరన్నది నిజమే. ఒక జీతం చాలు" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "నాకు తెలుసు నువ్వు..."

"నాది ఉంచుదాం."

అత్తయ్య నోటి దగ్గరికి తీసుకెళ్లిన ముద్ద అక్కడే ఆగింది. ఆయన నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి, ఇంకొంచెం నవ్వి, ఆపేశాడు.

"నాది ఉంచుదాం ఏంటి? నేను మానేయడమా?"

"కొత్త బ్రాంచికి ఇన్‌చార్జిగా నన్ను అడిగారు. రేపు సరేనని చెబుతున్నాను. రెండు నెలలు సాయంత్రాలు శిక్షణ, ఇంట్లో ఉండను. జీతం మీ జీతానికి కొంచెం తక్కువ, అంతే. మనకు సరిపోతుంది. నాకు నా పని ఇష్టం. మీకు మీ ఆఫీసంటే చిరాకని పెళ్లయిన కొత్తలోనే చెప్పారు, మొన్న కూడా చెప్పారు. ఈ జీవితాన్ని నాకంటే మీరే ఎక్కువ ప్రేమిస్తున్నారు. ఇంట్లో ఉండాల్సింది మీరే."

"అలా ఎలా కుదురుతుంది? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ ఏమనుకున్నా మనం ఆగి చూపిద్దాం అన్నారు కదా."

"నాన్నా, నువ్వు ఇంట్లోనే ఉంటావా?" అని పాప కేరింత కొట్టింది. ఆయన పాపను చూడలేదు. వాళ్లమ్మ వైపు చూశాడు. అత్తయ్య కంచంలోకి చూస్తూ ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. ఎంత నెమ్మదిగానంటే ఇంకో గంటదాకా ఆవిడ నోరు ఖాళీ అయ్యేలా లేదు.

"సరే, నేను మానలేను. అది జరిగే పని కాదు" అన్నాడు ఆయన చివరికి. "నువ్వూ మానవు. శిక్షణ అంటావు, సాయంత్రాలు ఉండనంటావు." ఆయన చెయ్యి బల్లమీద అటూ ఇటూ కదిలింది, ఏదో వస్తువును పోగొట్టుకుని వెతుకుతున్నట్టు. "మరి ఈ ఇంట్లో పనంతా ఎవరు చేస్తారు?"

పదకొండేళ్ల కాపురంలో ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరైనా పైకి అడగడం అదే మొదటిసారి.

నేను చెయ్యి కడుక్కొచ్చి, కిటికీలోంచి బొటనవేలి పట్టీ తీసి బిగించుకుని, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పండి" అన్నాను.